మీరడిగారు: గుంటూరు గ్రహణం, ఓటు సిరా, ఉడకని కందిపప్పు

ప్రశ్న: హీలియంను గుంటూరులోనే కనుక్కున్నారంటారు. నిజమేనా?

జవాబు: సగమే నిజం. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం గుంటూరు మీదుగా సాగింది. దాన్ని చూడటానికి ఫ్రాన్స్ నుంచి ఖగోళ శాస్త్రవేత్త పియర్ జాన్సెన్ వచ్చాడు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వెలుగును స్పెక్ట్రోస్కోపుతో విడదీస్తే మెరిసే గీతలు కనిపించాయి. అంటే ఆ జ్వాలలు వేడెక్కిన వాయువులే, ముఖ్యంగా హైడ్రోజన్. గీతలు అంత కాంతితో ఉంటే గ్రహణం లేకున్నా కనిపించాలి కదా అనుకుని మర్నాడే మళ్లీ చూశాడు. కనిపించాయి! అప్పటిదాకా ఆ జ్వాలలను చూడాలంటే గ్రహణం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సిందే.

అదే గ్రహణాన్ని మచిలీపట్నం నుంచి చూసిన మద్రాసు అబ్జర్వేటరీ అధికారి నార్మన్ పాగ్సన్ ఒక పసుపు గీతను గుర్తించాడు. అది సోడియం మూలకం ఇచ్చే గీత చోటే ఉందో, పక్కన ఉందో తేల్చలేకపోయాడు. ఆ ఏడాది అక్టోబరులో ఇంగ్లండ్‌లో ఖగోళ శాస్త్రవేత్త నార్మన్ లాకియర్ కూడా గ్రహణం లేకుండానే జ్వాలలను పరిశీలించాడు. పసుపు గీత సోడియంది కాదని, కొత్త మూలకానిదని వాదించింది ఆయనే. ఆ మూలకమే హీలియం. భూమి మీద అది దొరికింది 1895లో, విలియం రామ్సేకి, యురేనియం ఖనిజంలో. కాబట్టి గ్రహణం లేకుండా సూర్యజ్వాలలను చూసే పద్ధతికి పుట్టిల్లు గుంటూరు అనడమే సబబు. అదేం చిన్న ఘనత కాదు.

ప్రశ్న: వేలికి నూనె రాసుకుని వెళ్తే ఓటు సిరా అంటదా?

జవాబు: అందుకే పోలింగ్ అధికారి ముందు వేలు చూస్తారు. జిడ్డుంటే గుడ్డతో తుడిచి మరీ సిరా పెడతారు. ఆ తర్వాతే సంతకం. మీరు బయటికి వెళ్లేలోగా అది ఆరాలన్నది ఉద్దేశం. సిరాలోని సిల్వర్ నైట్రేట్ చర్మం మీది ఉప్పుతో కలిసి సిల్వర్ క్లోరైడ్ అవుతుంది. ఇది నీళ్లలో కరగదు, వెలుగు తగిలితే నల్లబడుతుంది. చర్మం పై పొర రాలాలి, గోరు పెరిగి కత్తిరించాలి, అప్పుడే పోతుంది. రీపోలింగ్ జరిగితే ఎడమ మధ్యవేలికి పెడతారు, చూపుడువేలికి పాత మరక ఉంటుంది కాబట్టి.

ప్రశ్న: బోరు నీళ్లతో కందిపప్పు ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకుగానే ఉంటోంది. ఎందుకు?

జవాబు: బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం పప్పు కణాలను అతికించి ఉంచే పెక్టిన్ అనే జిగురు పదార్థాన్ని బిగించేస్తాయి. మంచినీళ్లతో ఉడికించి చూడండి. వీలుకాకపోతే కప్పు పప్పుకి చిటికెడు వంటసోడా చాలు. ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది, బి1 విటమిన్ పోతుంది. అరగంట నానబెట్టడమూ మేలే. చింతపండు, టమాటా మాత్రం పప్పు మెత్తబడ్డాకే వేయండి. పులుపు ముందే పడితే పలుకు విరగదు. ఇవన్నీ చేసినా ఉడక్కపోతే ఆ పప్పు వేడిలో, తేమలో చాలాకాలం నిల్వ ఉన్నదై ఉంటుంది.