నార గట్టిగా అతుక్కుంటే సిరామిక్ కాంపోజిట్ ఎందుకు పెళుసవుతుంది?

ఫైబర్ పడవలో గాజునార రెజిన్‌కి (ఆరి గట్టిపడే జిగురుకి) గట్టిగా అతుక్కోవాలంటారు, మరి సిరామిక్ కాంపోజిట్లో, అంటే పింగాణీలాంటి గట్టి పదార్థంలో సన్నని నారలు పొదిగి చేసేదాంట్లో, నార గట్టిగా అతుక్కోకుండా పూత ఎందుకు వేస్తారని అడిగారు. నాకూ ఇదే సందేహం ఉండేది.

మాది అంతర్వేది వైపు. మా బాబాయి ఫైబర్ పడవలు బాగుచేసేవాడు. గాజునార మ్యాట్‌కి చెమ్మ తగిలితే పొర లేచిపోతుందని ఎంతో జాగ్రత్తపడేవాడు. గాజునారకు ఫ్యాక్టరీలో వేసే సిలేన్ పూత కూడా అతుకు కోసమే. ఎం.టెక్ ల్యాబ్‌కి అదే ఆలోచనతో వెళ్లాను. సిలికాన్ కార్బైడ్ అనే సిరామిక్ నారను పూత లేకుండా సిలికాన్ కార్బైడ్‌లోనే పొదిగి, ఆ పట్టీని వంచి చూశాం. టప్పున రెండు ముక్కలైంది. విరిగిన చోట పెంకు ముక్కలా చదునుగా ఉంది. వరసగా నాలుగు పట్టీలు అలాగే పోయేసరికి చాలా దిగులేసింది.

పడవలో రెజిన్ కొంచెం సాగుతుంది. సిరామిక్ సాగదు, అందుకే నారకంటే ముందు అదే బీటలు వారుతుంది. నార దానికి గట్టిగా అతుక్కుని ఉంటే, ఆ బీట ఆగకుండా నారను కూడా తెంపుకుంటూ పోతుంది. మధ్యలో పైరోలిటిక్ కార్బన్ గానీ బోరాన్ నైట్రైడ్ గానీ పూతగా ఉంటే కథ మారుతుంది. ఇవి పొరలు పొరలుగా జారే పదార్థాలు. బీట అక్కడ పక్కకు తిరిగి నార వెంబడి పాకుతుంది. నార తెగకుండా బరువు మోస్తూనే ఉంటుంది. చివరికి తెగినా, రాసుకుంటూ బయటికి వస్తుంది. ఆ రాపిడికే బోలెడు శక్తి ఖర్చవుతుంది. పచ్చి తాటిమట్ట విరిస్తే పీచులు వేలాడుతూ రెండు ముక్కల్నీ పట్టుకుని ఉంటాయి చూడండి, పూత వేసిన మా పట్టీ అచ్చం అలాగే వంగింది. అంటే పూత నారను బలపరచదు, నార బలం మనకు దక్కేలా చేస్తుంది.

మందం ముఖ్యం. నార 10-15 మైక్రాన్లుంటే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పూత సాధారణంగా ఒక మైక్రాన్ లోపే ఉంటుంది. మరీ పలచనైతే అక్కడక్కడా నార నేరుగా అతుక్కుపోతుంది. మరీ మందమైతే బరువు నారకు సరిగ్గా చేరదు, బలం తగ్గుతుంది.

ఇక వేడి. గాలిలో సుమారు 500 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కార్బన్ పూత కాలిపోవడం మొదలవుతుంది. పైన వేడి ఇంకా పెరిగితే ఆ ఖాళీలో గాజులాంటి సిలికా ఏర్పడి నారను మళ్లీ అతికించేస్తుంది, పట్టీ మళ్లీ పెళుసవుతుంది. బోరాన్ నైట్రైడ్ అంతకంటే ఎక్కువ వేడి తట్టుకుంటుంది గానీ నీటి ఆవిరి దాన్నీ తినేస్తుంది. మీరు టెస్ట్ చేస్తుంటే ఎంత బరువుకు విరిగిందన్న అంకె ఒక్కటే రాసుకోకండి. విరిగిన అంచును మైక్రోస్కోప్ కింద పెట్టి, నారలు ఎంత పొడవున బయటికి వచ్చాయో కూడా కొలవండి.