షేరింగ్ ఆపినా మీవారికి లొకేషన్ తెలుస్తోందంటే

మీరు రాసినట్టు గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్ ఆపేశాక కూడా మీరెక్కడున్నారో మీవారు చెప్పగలుగుతున్నారంటే, మీ గూగుల్ ఖాతా ఆయన ఫోన్‌లోనో ఇంట్లోని ట్యాబ్‌లోనో ఇంకా లాగిన్ అయి ఉండే అవకాశమే ఎక్కువ. ఆ ఖాతా చేతిలో ఉన్నవారు, పోయిన ఫోన్‌ను వెతికే సదుపాయంతో మీ ఫోన్ జాడను మ్యాప్స్‌తో పనిలేకుండానే చూడగలరు.

1. ఖాతా సెట్టింగ్స్‌లోని భద్రత విభాగంలో పరికరాల జాబితా తెరిచి, మీ చేతిలో లేని ప్రతి పరికరం నుంచీ సైన్ అవుట్ చేయండి.

2. పాస్‌వర్డ్ కంటే ముందు రికవరీ ఫోన్ నంబరు, రికవరీ ఈమెయిల్ (పాస్‌వర్డ్ మరిచిపోతే ఖాతాను తిరిగి తెరిచేందుకు ఇచ్చినవి) మార్చండి. చాలామంది వదిలేసేది ఇదే. మన ఇళ్లలో భార్య ఫోన్‌కు భర్తే తన నంబరుతో ఖాతా తెరిచి ఇవ్వడం మామూలు కనుక, ఆ నంబరు అలాగే ఉంటే మీరెన్ని పాస్‌వర్డ్‌లు మార్చినా దానికి వచ్చే కోడ్‌తో ఆయన మళ్లీ లోపలికి రాగలరు. మార్చాక కూడా 7 రోజులపాటు పాత నంబరుకు కోడ్ వెళ్లే వీలుంటుంది కాబట్టి, వారం తరువాత పరికరాల జాబితాను మరోసారి చూడండి.

3. ఆపై పాస్‌వర్డ్, స్క్రీన్ లాక్ మార్చండి.

సైన్ అవుట్ అయిన సంగతి ఆయన గమనిస్తారు. కూర్చుని మాట్లాడుకోగలిగితే, రాత్రి ప్రయాణాల్లో మాత్రం గంట గడువుతో మీరే షేర్ చేసే ఏర్పాటు పెట్టుకోవచ్చు. ఆయన కోపం మీకు భయం కలిగించేదైతే, ఏదీ మార్చక ముందే వేరొకరి ఫోన్ నుంచి 181 మహిళా హెల్ప్‌లైన్‌తో మాట్లాడండి.