డేటాబేస్ కనెక్షన్ల పూల్ (ముందే తెరిచి ఉంచి అందరూ పంచుకునే కనెక్షన్లు) సైజ్ 100 చేసినా కనెక్షన్ దొరకట్లేదు, 200 చేయాలా?

వద్దు. ముందు మళ్లీ 10కే తెచ్చేయండి.

తిరుపతిలో లాడ్జి రూముల బుకింగ్, జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ బూట్, డేటాబేస్ మైఎస్‌క్యూఎల్, శని ఆదివారాల రద్దీలో హికారీ (ఆ పూల్‌ను నడిపే లైబ్రరీ) 30 సెకన్లు ఆగి టైమౌట్ ఇస్తోంది అన్నారు. సర్వర్‌లో సీపీయూ ఖాళీగానే ఉందని కూడా రాశారు. అసలు సంగతి అందులోనే ఉంది. డేటాబేస్‌కు పని ఎక్కువై కాదు, కనెక్షన్ తీసుకున్నవాళ్లు తిరిగి ఇవ్వక.

చిత్తూరులో ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ టోకెన్ల అప్లికేషన్ నేను చూసేవాణ్ణి. తోతాపురి సీజన్‌లో తెల్లారేసరికి గేటు ముందు ట్రాక్టర్లు బారులు తీరేవి, సరిగ్గా అప్పుడే అప్లికేషన్ బిగుసుకుపోయేది. తీరా చూస్తే, టోకెన్ సేవ్ చేసే డేటాబేస్ ట్రాన్సాక్షన్ లోపలే రైతుకు ఎస్సెమ్మెస్ పంపుతోంది. అవతల నుంచి జవాబు వచ్చేదాకా కనెక్షన్ ఊరికే చేతిలో ఉంటుంది. వేబ్రిడ్జి మీద ట్రాక్టర్ నిలిపేసి డ్రైవర్ టీకి పోయినట్టే. ఒక్కో రిక్వెస్ట్ కనెక్షన్‌ను 50 మిల్లీసెకన్లు పట్టుకుంటే 10 కనెక్షన్లతో సెకనుకు 200 రిక్వెస్టులు నడుస్తాయి. అదే 5 సెకన్లు పట్టుకుంటే రెండే. పూల్ 100 చేసినా ఇరవై దాటవు.

మీ కోడ్‌లో నా అనుమానం పేమెంట్ గేట్‌వే కాల్ మీద. దాన్ని ట్రాన్సాక్షన్ బయటికి తీయండి. అయినా తగ్గకపోతే ఓపెన్ ఇన్ వ్యూ అనే సెట్టింగ్ చూడండి. స్ప్రింగ్ బూట్‌లో జేపీఏ (టేబుళ్లను జావా ఆబ్జెక్టులుగా వాడుకునే పద్ధతి) వాడితే అది డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది. ట్రాన్సాక్షన్ ముగిసినా రిక్వెస్ట్ పూర్తయ్యేదాకా కనెక్షన్ వదలదు. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. దాన్ని ఫాల్స్ పెట్టాక లేజీ లోడింగ్ (డేటాను అవసరమైనప్పుడే తెచ్చుకోవడం) ఎర్రర్లు కొన్ని బయటపడతాయి, ఓపిగ్గా సరిచేసుకోవాలి.

ఇంకోటి, మైఎస్‌క్యూఎల్‌లో మాక్స్ కనెక్షన్స్ డిఫాల్ట్ 151. అప్లికేషన్‌వి రెండు ఇన్‌స్టెన్సులు (కాపీలు) నడిపి ఒక్కోదానికి 100 ఇస్తే ఈసారి ఎర్రర్ డేటాబేసే ఇస్తుంది. హికారీలో మాక్స్ లైఫ్‌టైమ్ (ఒక కనెక్షన్‌ను ఉంచే గరిష్ఠ సమయం) డిఫాల్ట్‌గా 30 నిమిషాలు ఉంటుంది. మీ హోస్టింగ్‌వాళ్లు మైఎస్‌క్యూఎల్ వెయిట్ టైమౌట్ (ఖాళీగా ఉన్న కనెక్షన్‌ను తెంచేసే గడువు) అంతకంటే తగ్గించి ఉంటే తప్ప దాని జోలికి పోకండి.

ఎవరు పట్టుకున్నారో తేలడానికి హికారీలో లీక్ డిటెక్షన్ థ్రెషోల్డ్ 5000 మిల్లీసెకన్లు పెట్టండి. డిఫాల్ట్‌గా అది ఆఫ్. కనెక్షన్‌ను అది మూసేయదు, తీసుకున్న చోటి స్టాక్ ట్రేస్ (కోడ్ ఏ దారిలో అక్కడికి వచ్చిందో చూపే జాబితా) లాగ్‌లో రాస్తుంది, అంతే. ఈ శనివారం వచ్చిన ట్రేస్ ఇక్కడ పెట్టండి, పాస్‌వర్డులు, గేట్‌వే కీలు తీసేసి.