కుందేలు తుమ్ములకు ఇంట్లోని మందు వేయవచ్చా?

ప్రశ్న: మా కుందేలు వారంగా తుమ్ముతోంది, చిక్కటి తెల్లని చీమిడి కారుతోంది. ఇంట్లో మిగిలిన అమోక్సిసిలిన్ సిరప్ తాగించవచ్చా? పక్క గూట్లో గినీ పిగ్ కూడా ఉంది.

జవాబు: తాగించవద్దు. ఆ యాంటీబయాటిక్ కుందేలు పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులను చంపి, ప్రాణాంతకమైన విరేచనాలకు దారితీయవచ్చు. ముక్కును ముందుకాళ్లతో తుడుచుకోవడం వల్ల వాటి లోపలివైపు బొచ్చు అట్టకట్టి ఉంటే, పాశ్చురెల్లా మల్టోసిడా అనే బాక్టీరియా కలిగించే అంటువ్యాధిని ముందుగా అనుమానించాలి. అది చెవి లోపలికి పాకితే తల ఒక పక్కకు వాలిపోతుంది. పశువైద్యులు ముక్కు స్రావాన్ని పరీక్షించి తగిన యాంటీబయాటిక్‌ను ఎంచుకుంటారు గాని, లక్షణాలు తగ్గాక కూడా క్రిమి ముక్కులోనే ఉండిపోవచ్చు. గినీ పిగ్‌ను మాత్రం ఈరోజే వేరే గదికి మార్చండి, ఎందుకంటే కుందేళ్లు పైకి కనిపించకుండా మోసే బోర్డెటెల్లా అనే బాక్టీరియా దానికి న్యుమోనియా తెచ్చిపెట్టగలదు.