ప్రార్థన మధ్యలో చెడ్డ మాట

"నాకు 29 ఏళ్లు. గుంటూరు దగ్గర పల్లె, మాది లూథరన్ సంఘం. బాబు పుట్టిన మూడో నెల నుంచి, ప్రార్థనకు కూర్చుంటే దేవుణ్ణి తిట్టే మాటలు మనసులోకి వస్తున్నాయి. వచ్చినప్పుడల్లా మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాను. పడుకునేసరికి రాత్రి ఒంటిగంట. క్షమాపణ లేని పాపం చేశానేమోనని భయమేసి ప్రభువు బల్లలో (చర్చిలో రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధనలో) పాలుపొందడం కూడా మానేశాను. మా ఆయన కౌన్సెలర్ దగ్గరికి వెళదామంటున్నారు. ఆవిడ హిందువు. 'వాళ్లు ప్రార్థనే మానెయ్యమంటారు, మనవాళ్లనే చూడండి' అంటోంది అత్తయ్య. అసలు అక్కడ ఏం అడుగుతారు?" – ఒక సోదరి

అమ్మా, మీరు రాయలేక వదిలేసిన ఆ మాట ఏదైనా సరే, కౌన్సెలర్‌కు కొత్త కాదు. మడి చెడిందని పదే పదే తలమీద నీళ్లు గుమ్మరించుకునే పెద్దావిడ, నమాజుకు ముందు కడుక్కునే వజూ సరిగ్గా అయిందో లేదోనని కుళాయి కట్టలేని కుర్రాడు... ఇలాంటివాళ్లు అన్ని మతాల నుంచీ వస్తారు. ఉత్తరం చూసి జబ్బు పేరు తేల్చకూడదు గానీ, మీరు చెప్పినవి ఓసీడీ లక్షణాల్లా ఉన్నాయి, అంటే వద్దన్నా పదే పదే వచ్చే ఆలోచనలు, వాటిని పోగొట్టుకోవడానికి చేసిందే మళ్లీ మళ్లీ చేసే జబ్బు. కాన్పు తర్వాత ఇది మొదలవడమూ మామూలే. మనిషికి ఏది ప్రాణమో దాని మీదే ఈ ఆలోచనలు దాడి చేస్తాయి. పసిబిడ్డ తల్లులు కొందరికి బిడ్డను తామే పడేస్తామేమోనన్న భయం వస్తుంది, మీకు దేవుడి మీదికి మళ్లింది.

మీ సంఘానికి పేరిచ్చిన మార్టిన్ లూథర్ కూడా సన్యాసిగా ఉన్న రోజుల్లో, ఏదైనా పాపం మర్చిపోయానేమోనని గంటల తరబడి ఒప్పుకోలు చెప్పేవాడు. వినే గురువుకే విసుగొచ్చేది. ఆయనకు ఈ జబ్బేనని నేననను. విశ్వాసం తక్కువై ఇలా జరుగుతోందని మీకెవరైనా చెబితే మాత్రం ఆయన్ని గుర్తుచేయండి.

మొదటి రోజు సుమారు ముప్పావు గంట కూర్చుంటారు. ఎక్కువ భాగం మీ గురించే అడుగుతారు: నిద్ర, కాన్పు, థైరాయిడ్, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని. ఆ చెడ్డ మాటను ఆరోజే నోటితో చెప్పక్కర్లేదు. విశ్వాసాన్ని గౌరవించే కౌన్సెలర్ మరొకటి కూడా అడుగుతారు: "మీ సంఘంలో మామూలుగా ఎంతసేపు ప్రార్థిస్తారు? బాబు పుట్టకముందు మీరు ఎలా చేసేవారు?" ఏది భక్తి, ఏది జబ్బు చేయిస్తున్న పని అన్నది అక్కడే విడదీస్తారు.

తర్వాతి వారాల్లో ప్రార్థన మానమనరు, ఒక్కసారే చేయమంటారు. మధ్యలో మాట వచ్చినా ఆపకుండా, ఆమెన్ చెప్పి లేచిపోవాలి. మళ్లీ మొదలుపెట్టాలని ప్రాణం కొట్టుకుంటుంది. ఆ టెన్షన్‌తో అలాగే ఉండాలి. మొదట్లో ఇది నిజంగా కష్టం, అబద్ధం చెప్పను. రోజులు గడిచేకొద్దీ తగ్గుతుంది. అవసరమైతే మందుల కోసం సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపుతారు. పాలిస్తుంటే ముందే చెప్పండి. మందు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, నాలుగు రోజులకే ఆపేయకండి.

ఇక మీ అత్తయ్య గారి మాట. మనవాళ్లయితే సగం సంగతులు విడమర్చి చెప్పక్కర్లేదు, అది నిజమే. కానీ చదువు లేని మనవాళ్ల కంటే చదువున్న పరాయివాళ్లే నయమని నా అభిప్రాయం. క్లినికల్ సైకాలజిస్ట్ అంటే ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి, అడిగితే తప్పేం లేదు. ఫోన్‌లోనే చెప్పండి: "నేను క్రైస్తవురాలిని, ప్రార్థన దగ్గరే ఇబ్బంది. ఇలాంటివాళ్లతో పనిచేశారా?" నవ్వి తీసిపారేస్తే వద్దు. వెంటనే దయ్యం సంగతి ఎత్తి ఉపవాసం పెట్టమనేవాళ్లూ వద్దు.

మీరు చెప్పింది బయటికి పొక్కుతుందని భయపడకండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం గోప్యత హక్కు ఇచ్చింది. మీకు వైద్యం చేసే ఇతర డాక్టర్లకు అవసరమైనప్పుడు, ఎవరి ప్రాణానికైనా ముప్పున్నప్పుడు, కోర్టు ఆదేశించినప్పుడు, ఇలాంటి కొన్ని సందర్భాల్లో తప్ప చెప్పరు. పాస్టర్ గారితో మాట్లాడాలన్నా మీ అనుమతి ఉండాలి. బల్ల విషయంలో ఆయన ధైర్యం చెబితే మంచిదే. కానీ "క్షమాపణ ఉందా?" అని రోజూ అడిగి చెప్పించుకోవడం కూడా ఈ జబ్బులో భాగమే. కాబట్టి ఒక్కసారి చాలు.

ఖర్చు భారమైతే గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళ చేసినా ఉచితంగా తెలుగులో మాట్లాడతారు. చనిపోవాలనిపించినా, చెవిలో ఎవరో ఆజ్ఞ ఇస్తున్నట్టు వినిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

వెళ్లే ముందు నాలుగు రాత్రులు ఒక కాగితం మీద రాసిపెట్టండి: ప్రార్థన ఎన్నింటికి మొదలైంది, ఎన్నింటికి లేచారు, ఎన్నిసార్లు మళ్లీ మొదలుపెట్టారు. మొదలుపెట్టినప్పుడల్లా ఒక గీత గీయండి. నోరు పెగలకపోతే ఆ కాగితం ఆవిడ చేతిలో పెట్టండి. గీత తప్పుపడిందని మాత్రం మళ్లీ కొత్త కాగితం తీయకండి!