గొంతు పెగలనప్పుడు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో మూడింటిని కలిపి తీసుకుంటున్నాను. రాసినవారు వేరు, వారి కష్టాలు వేరు; అయినా ముగ్గురి సందేహమూ ఒక్కచోటికే వస్తోంది. నోటితో చెప్పుకోలేని స్థితిలో ఉన్న మనిషి చేత బొమ్మలు గీయించడం, ఊపిరిని గమనించమనడం, ఒళ్ళు కదిలించమనడం నిజంగా వైద్యమేనా అన్నదే ఆ సందేహం. ఉత్తరాలను క్లుప్తం చేసి, రాసినవారిని గుర్తుపట్టే వివరాలు తీసివేసి ఇక్కడ ఇస్తున్నాను.

ప్రశ్న: నా వయసు 43 ఏళ్ళు. ఒక బ్యాంకులో పనిచేస్తున్నాను. రెండేళ్ళ కిందట మా అత్తగారు పక్షవాతంతో మంచాన పడ్డారు. తెల్లవారుజామున ఆమె పనులు, పిల్లల క్యారియర్లు, ఆ తరువాత కౌంటరు, సాయంత్రం మళ్ళీ ఇల్లు. ఆరు నెలలుగా ఛాతీ మీద ఏదో బరువు పెట్టినట్టు ఉంటోంది. ఈసీజీ, ఎకో, రక్తపరీక్షలు అన్నీ బాగున్నాయని చెప్పి డాక్టరు గారు కౌన్సెలింగుకు పంపారు. అక్కడ “మీకు ఏమనిపిస్తోంది?” అని అడిగితే నాకు ఒక్క మాట రాలేదు. మూడో వారం కౌన్సెలరు తెల్లకాగితం, రంగు పెన్సిళ్ళు ఇచ్చి, ఆ బరువు ఎలా ఉందో గీయమన్నారు. మరోసారి గోడకు రెండు అరచేతులూ ఆనించి నెట్టమన్నారు. ఇంట్లో చెబితే మావారు “పిచ్చిగీతలకు ఫీజు కూడానా?” అన్నారు. ఇది వైద్యమేనా, కాలక్షేపమా?
— ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: అమ్మా, “ఒక్క మాట రాలేదు” అన్న వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. దానిని మీరు మీ లోపంగా రాశారు. అది లోపం కాదు. రోడ్డు మీద లారీ మీదికి దూసుకువస్తే పక్కకు దూకడానికి శరీరం క్షణంలో సిద్ధపడుతుంది. గుండె వేగం పెరుగుతుంది, భుజాలు, దవడ, ఛాతీ కండరాలు బిగుసుకుంటాయి, ఊపిరి పైపైనే ఆడుతుంది. లారీ వెళ్ళిపోయాక కాసేపటికి అన్నీ సర్దుకుంటాయి. మీ విషయంలో ఆ లారీ ఆరు నెలలుగా వెళ్ళిపోవడం లేదు. ఒక పని వెనుక మరొక పని తరుముతున్న మనిషికి, నింపాదిగా తనలోకి చూసుకుని అక్కడ జరుగుతున్నదానికి పేరు పెట్టే శక్తి సన్నగిల్లుతుంది. అందుకే మీ కౌన్సెలరు ప్రశ్నను మార్చారు. మిమ్మల్ని మాట అడగడం మానేసి, బరువును అడిగారు. నాకు అది నేర్పుగల పనిగానే కనిపిస్తోంది.

గోడను నెట్టమనడం సంగతి చూద్దాం. బిగుసుకుపోయిన కండరాన్ని “వదులు కావాలి” అని ఆజ్ఞాపిస్తే అది వినదు. ముందు దానికి కావాలనే పని చెప్పి, కొన్ని సెకన్లు గట్టిగా బిగించి, ఆ తరువాత వదిలేస్తే, బిగింపుకూ సడలింపుకూ ఉన్న తేడా ఒంటికి తెలిసివస్తుంది. ఎడ్మండ్ జేకబ్సన్ అనే అమెరికా వైద్యుడు ఒక్కొక్క కండరాన్నే ఇలా బిగించి వదిలే పద్ధతిని రూపొందించి 1929లో పుస్తకంగా ప్రచురించాడు. ఆందోళనకు, నిద్రలేమికి చేసే చికిత్సలో దానిని ఇప్పటికీ వాడుతున్నారు. గోడను నెట్టడం సరిగ్గా అదే కాకపోయినా, దాని వెనుక ఉన్న సూత్రం దగ్గరిదే. అందులో మరొక మేలు కూడా ఉంది. పొద్దుటి నుంచి రాత్రి దాకా ఇతరుల కోసం ఎత్తుతూ, మోస్తూ, అందిస్తూ ఉన్న చేతులకు, ఇంకా తమలో బలం ఉందన్న సంగతి తమంతట తాము తెలుసుకునే అవకాశం దొరుకుతుంది.

బొమ్మ గీయించడానికీ చరిత్ర ఉంది. ఇంగ్లండులో ఏడ్రియన్ హిల్ అనే చిత్రకారుడు క్షయవ్యాధితో శానటోరియంలో ఉన్న రోజులలో బొమ్మలు వేసుకుంటూ, తాను కోలుకోవడానికి అది తోడ్పడుతున్నదని గమనించి తోటి రోగులకూ నేర్పాడు. 1942లో ‘ఆర్ట్ థెరపీ’ అన్న పేరును వాడుకలోకి తెచ్చినవాడు ఆయనే అంటారు. ఛాతీలోని బరువు లోపలే ఉన్నంతసేపు అది మీలో భాగమే అన్నట్టు ఉంటుంది. కాగితం మీదికి వచ్చాక దానికి ఒక అంచు, ఒక రంగు, ఒక పరిమాణం వస్తాయి. ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో చూడవచ్చు, కాగితాన్ని కాస్త దూరం జరపవచ్చు, దాని పక్కన మరొక గీత గీయవచ్చు. అలా చూస్తూ చూస్తూ, “ఇది రాయిలా లేదండీ, తడిగుడ్డను మెలిపెట్టి పిండినట్టుంది” అని ఒక్క మాట మీ నోట రావచ్చు. మొదటి వారం రాని మాట అదే. అసలు సంభాషణ అక్కడి నుంచే మొదలవుతుంది. బొమ్మ ఆ సంభాషణను తప్పించడానికి కాదు, దాని దాకా మిమ్మల్ని నడిపించడానికే.

ఒక హెచ్చరిక మాత్రం చెప్పాలి. నలుపు వాడితే దిగులు, ఎరుపు వాడితే కోపం అని జాతకం చెప్పినట్టు ఎవరైనా మీ బొమ్మకు అర్థం చెబుతుంటే అనుమానించండి. ఆ గీతకు అర్థం చెప్పే హక్కు గీసినవారిదే. చికిత్సకుని పని అడగడం, వినడం, మీరు చూడకుండా దాటిపోయినదాని దగ్గర ఒక్కక్షణం మిమ్మల్ని ఆపడం.

ఇక మీవారికి చెప్పవలసింది. కళలకూ ఆరోగ్యానికీ ఉన్న సంబంధంపై జరిగిన 3,000కు పైగా అధ్యయనాలను పరిశీలించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఒక నివేదిక ప్రచురించింది. ఆ అధ్యయనాలన్నీ ఒకే నాణ్యత గలవి కావు. కళ ఒక్కటే రోగాన్ని నయం చేస్తుందని ఎవరూ అనడం లేదు. కానీ దీనిని కాలక్షేపమని కొట్టిపారేసే రోజులు పోయాయి. అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. ఎన్ని బొమ్మలు గీసినా మీ రోజులో ఉన్న పని తగ్గదు. ఒక మనిషి మోయలేనంత బరువును ఆమె చేతనే మోయించడానికి చికిత్సను సాధనంగా వాడుకోవడం నాకు సమ్మతం కాదు. అత్తగారి పనులలో ఏ రెండు గంటలు మీవారు తీసుకుంటారు, ఏ పనికి ఆయాను పెట్టుకోగలరు అన్నది కూడా చికిత్సలో భాగమే. వచ్చే వారం ఆయనను కూడా కౌన్సెలరు దగ్గరకు తీసుకువెళ్ళండి.

పరీక్షలు బాగున్నాయన్న ధీమాతో కొత్త లక్షణాలను మాత్రం ఉపేక్షించవద్దు. మెట్లు ఎక్కేటప్పుడు ఛాతీ నొప్పి రావడం, నొప్పి చేతికో దవడకో పాకడం, చెమటలు పట్టడం వంటివి కనిపిస్తే నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి. అప్పుడు గోడలు నెట్టుతూ కూర్చోకూడదు.

ప్రశ్న: నాకు 34 ఏళ్ళు, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కళ్ళు మూసుకుని ధ్యానం చేస్తే ప్రశాంతత రాకపోగా గుండె దడ ఎక్కువవుతోంది. స్నేహితుడి మాట మీద, శరీరంలో నిలిచిపోయిన మానసిక గాయాలను విడుదల చేస్తామంటూ రెండు రోజులు నిర్వహించిన ఒక శిబిరానికి వెళ్ళాను. అరగంటసేపు వేగంగా ఊపిరి తీయించారు. చేతివేళ్ళు కొంకర్లు పోయాయి, తిమ్మిర్లు ఎక్కాయి, బిగ్గరగా ఏడ్చాను. “గాయం బయటికి పోతోంది, ఆపవద్దు” అన్నారు. తరువాత మూడు రాత్రులు నిద్ర లేదు. లోపం నాదా, పద్ధతిదా?
— ఒక పాఠకుడు, హైదరాబాదు

సమాధానం: లోపం మీది కాదు. వేగంగా, లోతుగా ఊపిరి తీస్తూ పోతే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. తల తిరగడం, తిమ్మిర్లు, వేళ్ళు కొంకర్లు పోవడం దాని ఫలితాలే. అది రక్తంలో జరిగిన రసాయన మార్పు. దానికి గాయం బయటికి పోవడమని పేరు పెట్టి, ఆపాలనుకున్న మనిషిని ఆపనివ్వకపోవడం నా దృష్టిలో తీవ్రమైన తప్పు.

శరీరంతో చేసే చికిత్సలో మొదటి సూత్రం మోతాదు. ‘సొమాటిక్ ఎక్స్‌పీరియన్సింగ్’ అన్న పద్ధతిని రూపొందించిన పీటర్ లెవిన్ కూడా కొద్దికొద్దిగానే ముందుకు వెళ్ళాలన్నాడు. ఛాతీలోని బిగింపును కొన్ని క్షణాలు గమనించి, వెంటనే శరీరంలో హాయిగా ఉన్న చోటికో, కిటికీ బయటి చెట్టు మీదికో దృష్టిని మళ్ళించి, మళ్ళీ కాసేపు తిరిగి రావడం ఆ పద్ధతిలో కనిపిస్తుంది. ఈ పద్ధతికి ఉన్న పరిశోధనా బలం ఇంకా పరిమితమే అని కూడా చెప్పాలి. దానితో పోలిస్తే, గత సంఘటనల గాయాలకు ఎక్కువ ఆధారాలు ఉన్నవి వేరే ఉన్నాయి. అటూ ఇటూ కళ్ళు కదిలిస్తూ జ్ఞాపకాన్ని ఎదుర్కొనే ఈఎండీఆర్ పద్ధతిని ఫ్రాన్సిన్ షపీరో 1989లో పరిచయం చేసింది. గాయం తరువాతి తీవ్ర మానసిక రుగ్మత ఉన్న పెద్దవారికి దానినీ, గాయంపై దృష్టిపెట్టే సీబీటీనీ (ఆలోచనల, ప్రవర్తన తీరును మార్చుకోవడానికి సాయపడే మాటల చికిత్సనూ) ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సిఫారసు చేసింది.

ధ్యానంలో దడ పెరగడం కూడా వింత కాదు. బయటి ప్రపంచం కనిపించకుండా పోగానే లోపలి అలజడి ఒక్కటే పెద్దదై వినిపించేవారు చాలామంది ఉన్నారు. ప్రస్తుతానికి కళ్ళు తెరిచే ఉంచండి. కుర్చీలో కూర్చుని, పాదాల కింద నేల గట్టిదనాన్ని గమనిస్తూ, గదిలో కనిపించే వస్తువులను నెమ్మదిగా ఒక్కొక్కటిగా చూడండి. ఊపిరి తీసుకునేదానికంటె వదిలేది కాస్త పొడుగ్గా ఉండనివ్వండి. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కొద్దిగా తగ్గుతుంది. రెండు మూడు నిమిషాలు చాలు. ఇబ్బంది అనిపిస్తే ఆపేయండి, లేచి నడవండి. థైరాయిడ్ పరీక్ష చేయించుకోకపోయి ఉంటే అదీ చేయించుకోండి, కాఫీల లెక్క కూడా ఒకసారి చూసుకోండి.

చికిత్సకుణ్ణి ఎంచుకునేటప్పుడు మొహమాటపడకుండా అడగండి. క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు ఉండాలి. ఆ కౌన్సిలును ఏర్పాటుచేసిన చట్టం 1992 నాటిది. అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం 2021లో వచ్చిన జాతీయ చట్టం కళ, నృత్య, కదలిక చికిత్సకులను కూడా తన జాబితాలో చేర్చింది. ఎక్కడ, ఎంతకాలం నేర్చుకున్నారు, ఎవరి పర్యవేక్షణలో పనిచేస్తున్నారు, మధ్యలో ఆపమంటే ఆపుతారా, తాకవలసి వస్తే ముందుగా అడుగుతారా అన్న ప్రశ్నలకు చిరాకు పడేవారి దగ్గర మీరు ఉండనవసరం లేదు. నిద్రలేమి ఇంకా కొనసాగుతుంటే ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్టును కలవండి.

ప్రశ్న: నేను రిటైరైన తెలుగు పండితుణ్ణి, వయసు 63. నా భార్య పోయి ఏడాదిన్నర దాటింది. ఏటా బతుకమ్మకు చెలకల వెంట తిరిగి గునుగు, తంగేడు నేను తెచ్చేవాణ్ణి, ఆమె పేర్చేది. మొన్నటి పండుగకు మా బిడ్డ పూలు తెమ్మంటే లోపలికి పోయి తలుపేసుకున్నాను. నాకు ఏడుపు రాదు, బొమ్మ రాదు, పాట రాదు. మా అబ్బాయి ఆర్ట్ థెరపీకి పోదాం అంటున్నాడు. ఏ కళా లేనివాడికి అది పనికివస్తుందా?
— ఒక పాఠకుడు, వరంగల్లు

సమాధానం: సారూ, ఈ చికిత్సలలో ఏదీ కళ వచ్చినవారి కోసం పుట్టింది కాదు. మేరియన్ చేస్ అనే నర్తకి 1942లో వాషింగ్టన్‌లోని సెయింట్ ఎలిజబెత్స్ ఆసుపత్రిలో మానసిక రోగులతో పనిచేయడం మొదలుపెట్టినప్పుడు, వారికి నృత్యం నేర్పాలని చూడలేదు. వారు చేయి ఊపితే తానూ ఊపి, వారి కదలికకు తన కదలికతో బదులిచ్చింది. మన దేశంలో 2004లో సోహిని చక్రవర్తి స్థాపించిన కోల్‌కతా సన్వేద్ సంస్థ, అక్రమ రవాణా నుంచి బయటపడిన ఆడపిల్లలతో ఇదే దారిలో పనిచేస్తోంది. చూసేవారి మెప్పు కోసం చేసేది కాదు గనుక, అడుగు తప్పడమన్న మాటకు అక్కడ చోటే లేదు.

ఏడుపు రానందుకు మిమ్మల్ని మీరు తప్పు పట్టుకోకండి, దానిని బలవంతంగా తెచ్చుకోకండి. మీ చేతికి అలవాటైనది కలం. జేమ్స్ పెన్నీబేకర్ అనే మనస్తత్వవేత్త 1986 నుంచి చేసిన పరిశోధనలలో, మనసును కలచివేసిన సంగతి గురించి రోజుకు 15, 20 నిమిషాల చొప్పున మూడు నాలుగు రోజులు రాయమనడం ఒక పద్ధతి. రాసిన వెంటనే కొందరికి దిగులు కాస్త పెరుగుతుంది. అందువల్ల పడుకోబోయే ముందు కాకుండా, ఇంట్లో మనుషులున్న వేళ రాయండి. వ్యాకరణం చూడకండి, దిద్దకండి. మీకు ఇది నేను చెప్పవలసి వస్తున్నందుకు మన్నించండి, కానీ జీవితమంతా పిల్లల కాగితాలు దిద్దిన చేతికి దిద్దకుండా రాయడమే కష్టమవుతుంది. మీ భార్యకు ఉత్తరంలా రాస్తే ఇంకా సులువు కావచ్చు. ఇది ఎన్నడూ తీరని దుఃఖమనీ, బతుకు మీద ఆశ పోయిందనీ అనిపించిన రోజున మాత్రం ఒంటరిగా ఉండకండి; ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేస్తే రాత్రీ పగలూ ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు.

అబ్బాయితో కలిసి ఆర్ట్ థెరపీకీ ఒకసారి వెళ్ళిరండి, నచ్చకపోతే మానేయవచ్చు. వచ్చే పండుగకు చెలకల వెంట మళ్ళీ తిరగమని మాత్రం నేను చెప్పను. బిడ్డ పేరుస్తుంటే తాంబాలం పక్కన కూర్చుని, గునుగు కొసలకు రంగు అద్దే పని ఒక్కటి చేతికి తీసుకోండి. నాలుగు పూలు కాగానే లేచిపోవాలనిపిస్తే లేచిపోతానని ఆమెకు ముందే చెప్పి పెట్టండి.