చాయ్‌లోకి నాలుగు రస్కులు.. క్యారెట్ అంటే మాత్రం భయం

ప్రశ్న: మాది నకిరేకల్ దగ్గర పల్లె. మా అత్తమ్మకు 58 ఏళ్లు, ఆరేళ్లుగా షుగర్ మాత్రలు వాడుతోంది. పొద్దున్నే పత్తి చేనుకు పోయే ముందు చాయ్‌లో నాలుగు గోధుమ రస్కులు ముంచుకుని తింటుంది. ‘గోధుమలే కదా, ఏం కాదు’ అంటుంది. క్యారెట్ కూర మాత్రం తియ్యగా ఉంటుందని ముట్టదు. షుగర్‌కు ఏది మంచిది?

జవాబు: షుగర్ ఉందని అన్నం తగ్గించుకున్న వాళ్లు కూడా రస్కులను లెక్కలో వేసుకోరమ్మా. అవి తిండి కాదు, చాయ్‌లోకి అంటారు! ఒకసారి ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడండి. ఏది ఎక్కువ కలిస్తే దాని పేరు ముందు రాయాలన్నది నిబంధన. చాలా రస్కుల మీద మొదట కనిపించేది మైదా. తర్వాత చక్కెర, నూనె. మైదా కూడా గోధుమల నుంచే వస్తుంది, కానీ పొట్టు తీసేశాక పీచు పెద్దగా మిగలదు. బేకరీలో విడిగా కొనే టోస్టుల మీద ఆ వివరం కూడా ఉండదు.

100 గ్రాముల రస్కుల్లో 400 కేలరీలకు పైనే, పిండిపదార్థం 70 గ్రాములకు పైనే ఉంటాయి. అంతే బరువు క్యారెట్‌లో 40 కేలరీలు, 10 గ్రాముల లోపు పిండిపదార్థం. అందులోనూ 3 గ్రాములు పీచే. అయితే ఇంట్లో ఎవరూ తూకం వేసుకుని తినరు. ఒక రస్కు పది, పన్నెండు గ్రాములే ఉంటుంది కాబట్టి ఒక రస్కూ ఒక పెద్ద క్యారెట్టూ కేలరీల్లో ఇంచుమించు సమానం. ఇది విని మీ అత్తమ్మ సంతోషపడొచ్చు. కానీ క్యారెట్ ఒకటి నమిలేసరికే దవడ నొస్తుంది. చాయ్‌లో నానిన రస్కులు నాలుగు ఎప్పుడు అయిపోయాయో తెలియదు. నాలుగంటే 30 గ్రాముల పిండిపదార్థం, అంటే రెండు పుల్కాలంత. పీచు పెద్దగా లేదు కాబట్టి షుగర్ తొందరగా ఎక్కుతుంది. చాయ్‌లో వేసే చక్కెర దీనికి అదనం.

క్యారెట్ తీపి అంటారా, 100 గ్రాముల్లో ఉన్న చక్కెర ఒక టీ చెంచాడే. పెద్దవాళ్లకు రోజుకు కావలసిన విటమిన్ ఏ దాదాపు అంతా దాంట్లోనే దొరుకుతుంది. కాస్త నూనెతో కూర వండితే అది ఇంకా బాగా ఒంటబడుతుంది. హల్వా, జ్యూస్ మాత్రం వద్దు. గ్లాసు జ్యూస్‌కు నాలుగైదు క్యారెట్లు పడతాయి, పీచేమో పిప్పిలో పోతుంది. కిడ్నీ సమస్య ఉంటే ఏ కూరగాయ ఎంత తినాలో మీ డాక్టర్‌ను అడగండి.

రస్కులు మాన్పించి ఖాళీ కడుపుతో చేనుకు మాత్రం పంపకండి. కొన్ని రకాల షుగర్ మాత్రలు వేసుకునే వాళ్లకు అది ప్రమాదం, షుగర్ మరీ పడిపోవచ్చు. చక్కెర లేని చాయ్, ఒక్క రస్కు, దాంతో పాటు గుప్పెడు బొబ్బెర గుడాలో (గుగ్గిళ్లు) శనగ గుడాలో పెట్టండి. జొన్నరొట్టె, కూర అయితే ఇంకా మేలు. చేనులో చెమటలు పట్టి చేతులు వణికితే షుగర్ పడిపోయిందేమో అనుకోవాలి. అప్పుడు రస్కూ క్యారెట్టూ రెండూ పనికిరావు. మూడు టీ చెంచాల చక్కెర నీళ్లలో కలిపి వెంటనే తాగాలి, తర్వాత ఏదైనా తినాలి. కొంగుకు చక్కెర పొట్లం కట్టుకుని పొమ్మనండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే నాలుగు రస్కులు తిన్న రోజు, గుడాలు తిన్న రోజు, తిన్న రెండు గంటలకు షుగర్ చూసి రాసిపెట్టండి. ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ కాగితం అత్తమ్మ చేతికే ఇవ్వండి.